కొరుకుడు పడ్డ చేపకు ఉప్పెందుకు?

టెక్కలి నుంచి ఒక ఇంటర్ కుర్రాడు అడిగాడు: "మా అక్వేరియంలో టైగర్ బార్బ్‌లు ఏంజెల్ ఫిష్ తోక కొరికేశాయండి. పక్కన పొలుసులు ఊడి ఎర్రగా కనబడుతోంది. అమ్మ పసుపు రాద్దామంటోంది, షాపాయన ఉప్పు వెయ్యమన్నాడు. ఏది చెయ్యాలి?"

ఉప్పే. ముందు చేపను వేరే టబ్బులోకి మార్చాలి, అది వేరే చెప్పక్కర్లేదు. నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఆ ఉప్పు చేసే పని. పుండు మీద ఉప్పు పడితే మనం విలవిల్లాడిపోతాం. చేపకు అదే మందెలా అయింది?

మాగాయ పెట్టే ఇళ్ళలో దీనికి జవాబు ఏటా కళ్ళెదుటే జరుగుతుంది. తొక్కతో ఉన్న మామిడికాయను ఉప్పులో పడేస్తే అంత తొందరగా ఏమీ కాదు. అదే చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు కలిపి జాడీకెత్తితే మూడోరోజుకి ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. మనం చుక్క నీళ్ళు పొయ్యలేదు. ఉప్పు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకి నీరే కదిలింది. బడిలో ద్రవాభిసరణ అని చెప్పేది ఇదే. బంగాళాదుంపతో, కిస్‌మిస్‌తో ప్రయోగం చేయించే మాస్టార్లు ఒక్కసారి పచ్చిమామిడికాయ కోసి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు ఈ లెక్కను తిరగెయ్యండి. మంచినీటి చేప ఒంట్లోని ద్రవాల్లో లీటరుకు 8, 9 గ్రాముల ఉప్పుకు సరిసమానమైన లవణాలుంటాయి. వంశధార నీళ్ళలో ఉండేది దాని ముందు లెక్కలోకి రాదు. అంటే ఇక్కడ ఉప్పున్నది చేప లోపల. అందుకే రేయింబవళ్ళు నీరు లోపలికి ఊరుతూనే ఉంటుంది, ముఖ్యంగా మొప్పల గుండా. మూత్రపిండాలు ఆ నీటిని పలచని మూత్రంగా తోడిపోస్తూనే ఉండాలి. దాంతోపాటు కొంత ఉప్పూ పోతుంది. మొప్పల్లో ఇందుకోసమే ఉన్న కణాలు శక్తి ఖర్చుపెట్టి నీటిలోంచి సోడియం, క్లోరైడ్ అయాన్లను మళ్ళీ లోపలికి లాక్కుంటాయి. పొలుసుల పైన పరుచుకున్న పలచని చర్మం, దాని మీది జిగురు, ఇవే చేపకు మామిడి తొక్క. బార్బ్‌లు చేసింది చెక్కు తియ్యడమే! ఆ చోట నీటికి అడ్డులేదు, లవణాలకు ఆపులేదు. పైగా తరిమించుకున్న చేప ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి, గాయం మానడాన్ని ఇంకా వెనక్కి లాగుతుంది.

టబ్బులో లీటరుకు 1 నుంచి 2 గ్రాముల ఉప్పు కలిపితే లోపలికీ బయటికీ ఉన్న తేడా ఆ మేరకు తగ్గుతుంది. తోడిపోసే చాకిరీ తగ్గుతుంది, పోయిన ఉప్పు తిరిగి దొరకడం సులువవుతుంది. మన నౌపడ మడుల్లో పండిన కళ్ళుప్పు చాలు. 20 లీటర్ల టబ్బుకు 20 నుంచి 40 గ్రాములు తూచి, విడిగా కరిగించి, విడతలుగా పొయ్యండి. మంచిదే కదా అని గుప్పెళ్ళతో వెయ్యకండి. లీటరుకు 9 గ్రాములు దాటిందంటే లెక్క మళ్ళీ తిరగబడి, చేపే మాగాయ ముక్కవుతుంది. ఒంట్లో నీరు ఊటలా బయటికి పోతుంది.

పసుపెందుకు వద్దంటే, మన చర్మం పైపొర చచ్చిన కణాలది, చేపది పైదాకా బతికున్న కణాలది. గాయం కాగానే అంచున ఉన్న కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని పొరగా పాకుతూ ఖాళీని కప్పేస్తాయి. చేప పొలుసును గాజుపలక మీద ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తే, నిమిషానికి 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) పైగా పాకే ఆ కణాలు కనబడతాయి. పైపై గీరుడైతే వెచ్చని నీటిలో ఒక రోజులోనే మూతపడిపోతుంది. పసుపు రుద్దే వేలు ఆ పొరనీ, జిగురునీ తుడిచేస్తుంది. పసుపులోని కుర్కుమిన్ నీటిలో కరగదు కూడా.

"పోతే పోనీ, ఇంటి గండం చేప పట్టుకుపోతుంది" అనే మాట మన వైపు బాగా వినిపిస్తుంది. ఆ మాట నమ్మి, బతికే చేపను చూస్తూ వదిలేసేవాళ్ళని తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. దాన్ని విరిచే బ్యాక్టీరియా కొత్త టబ్బులో ఉండదు. ఆ బ్యాక్టీరియా పట్టి ఉన్న పాత ఫిల్టర్ స్పాంజి ఒకటి అక్వేరియంలోంచి తెచ్చి వెయ్యండి, మేత తగ్గించండి, రోజూ మూడోవంతు నీళ్ళు మార్చండి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయాకే పొయ్యాలి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తీసిన నీటికి తగ్గ ఉప్పే కొత్తనీటిలో కలపాలి. ఆవిరై తగ్గిన నీటికి ఉత్త నీళ్ళే. ఎయిర్ పంపు ఆగకూడదు, ఎండాకాలంలో మరీను. 30 డిగ్రీల నీరు లీటరుకు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌కు మించి పట్టి ఉంచలేదు.

కొరికిన అంచున పారదర్శకంగా సన్నని పొర వస్తోందంటే తోక మొలుస్తున్నట్టే. అంచు తెల్లబడి లోపలికి తింటూపోతున్నా, బూజు కట్టినా ఉప్పుతో ఆగదు, మందు కావాలి. మానాక ఉప్పులేని నీళ్ళు మార్చుతూ నాలుగైదు రోజుల్లో టబ్బును మామూలు నీటికి తేవాలి.

ఆ బార్బ్‌ల మధ్యకు మాత్రం ఏంజెల్‌ను మళ్ళీ వెయ్యొద్దు. ఆరుకు తక్కువైతే వాటికి కొరికే బుద్ధి ఎక్కువే, కానీ గుంపు పెంచినా ఆ పొడవాటి రెక్కలు కంటపడితే ఊరుకోవు. దానికి వేరే తొట్టె చూడాల్సిందే.