మనిషెత్తు మెరక మీద నడక

కొండల్లో నడిచేవాళ్ళకి ఎత్తు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయాసమే చెబుతుంది. గోదావరి పాపికొండలు దాటి పోలవరం దగ్గర మైదానంలోకి దిగాక ఆ ఆయాసం ఉండదు. రాజమండ్రి సముద్రమట్టానికి సుమారు 14 మీటర్ల ఎత్తులో ఉంటే, అమలాపురం 3 మీటర్ల ఎత్తులో ఉంది. కారులో పోయేవాళ్ళకి కోనసీమంతా బల్లపరుపుగానే కనిపిస్తుంది. కానీ ఈ నేల మీద ఊరెక్కడ కట్టాలో, కొబ్బరి ఎక్కడ నాటాలో, మంచినీళ్ళు ఎక్కడ పడతాయో తేల్చింది ఒకటి రెండు మీటర్ల తేడాలే. అంత చిన్న ఎత్తులు కంటికి ఆనవు. వాటిని పట్టుకోవాలంటే నడవాల్సిందే.

బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల వైపు కాలువ గట్టు మీద నడిచి చూడండి. కాలువ పారేది మెరక మీద. అవతల పొలాలు పల్లంలో ఉంటాయి. గోదావరికి దగ్గరగా వెళ్ళేకొద్దీ నేల దిగాలి కదా అనుకుంటాం. డెల్టాలో అది తలకిందులుగా ఉంటుంది, ఏటికి దూరం జరిగేకొద్దీ నేల దిగుతుంది. దీనికి కారణం వరదే. పొంగిన నీరు ఒడ్డు దాటగానే దాని జోరు తగ్గుతుంది. బరువైన ఇసుక, గరప మట్టి ముందు అక్కడే పడిపోతాయి. సన్నటి బంకమట్టి మాత్రం ఇంకా దూరం కొట్టుకుపోయి పల్లంలో నెమ్మదిగా కూర్చుంటుంది. వేల ఏళ్ళ పాటు ఇలా జరిగి నది తన ఒడ్లను తానే ఎత్తు చేసుకుంది.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. ఆర్థర్ కాటన్, ఆయనతో పనిచేసినవాళ్ళు కాలువలను ఈ మెరకల వెంబడే నడిపించారు. నీరు ఏ యంత్రం సాయం లేకుండా వాలును బట్టి పొలాల్లోకి పారుతుంది, మిగిలింది పల్లంలోని మురుగు కాలువల్లోకి చేరుతుంది. ఆనకట్ట గురించి మనం ఎన్నోసార్లు చెప్పుకుంటాం గానీ, నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది నేల వాలును ఇంత శ్రద్ధగా చదివిన ఈ కాలువల అమరికే. రైళ్ళు, లారీలు రాకముందు ఇవే రహదారులు. మనుషులు తాడు భుజాన వేసుకుని, పడవలను లాగుతూ ఈ గట్ల మీదే నడిచేవాళ్ళు. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేసినప్పుడు గట్టు దిగి అడ్డంగా మురుగు కాలువ దాకా వెళ్తే, కాలి కింద పొడిపొడిగా ఉన్న మట్టి క్రమంగా జిగటగా, నల్లగా మారడం తెలుస్తుంది.

సముద్రం వైపు వెళ్ళేకొద్దీ మెరకలను నది కాకుండా అలలు కట్టాయి. సుమారు 7 వేల ఏళ్ళ క్రితం సముద్రమట్టం పెరగడం నెమ్మదించాక, గోదావరి తెచ్చిన ఇసుకను అలలు తీరం పొడుగునా గుట్టలుగా పోశాయి. నది ఇంకా ఇసుక తెచ్చేకొద్దీ ఆ గుట్ట ముందు ఇంకో గుట్ట లేచింది. అలా తీరం పదుల కిలోమీటర్లు ముందుకు జరిగింది. ఇప్పుడు వరిచేల మధ్య తీరానికి సమాంతరంగా సాగే ఇసుక దిబ్బలన్నీ పాత సముద్రపు ఒడ్లే. చాలాచోట్ల ఊరు, దారి, కొబ్బరితోట దిబ్బ మీద ఉంటే, వరి రెండు దిబ్బల మధ్య పల్లంలో ఉంటుంది. ఆ ఇసుక పుట్టిల్లు కొండల్లో ఉంది. అంతర్వేది ఒడ్డున ఇసుకలో ఎర్రటి చారలు కనిపిస్తే అవి గార్నెట్ అనే ఖనిజపు రేణువులు. తూర్పు కనుమల రాళ్ళు అరిగి, ఏటిలో దొర్లి ఇంత దూరం వచ్చాయి.

దిబ్బ లోపల ఉన్నది ఇంకా ఆసక్తికరం. చుట్టూ ఉప్పునీటి నేల ఉన్నా దిబ్బ మీద బావిలో తియ్యటి నీళ్ళు పడతాయి. వానకు ఇసుకలో ఇంకిన మంచినీరు, అడుగునున్న ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద తేలుతుంది. సముద్రపు నీరు మంచినీటి కన్నా సుమారు రెండున్నర శాతం బరువు. ఈ చిన్న తేడా వల్ల దిబ్బలో మంచినీటి మట్టం సముద్రమట్టానికి 1 మీటరు పైన ఉంటే, కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు నిలవగలదని లెక్క. వాస్తవంలో నేలలో బంకమట్టి పొరలు అడ్డొచ్చి లోతు తగ్గొచ్చు, సూత్రం మాత్రం అదే. ఇదే లెక్క తిరగబడితే మాత్రం భయం వేస్తుంది. మోటార్లతో తోడేసి పైమట్టం ఒక్క అడుగు దించితే, అడుగున ఉప్పునీరు 40 అడుగులు పైకి రావడానికి దారి దొరుకుతుంది.

అందుకే దిబ్బను ఇసుక కోసం తవ్వడం, చేపల, రొయ్యల చెరువుల కోసం చదును చేయడం చూస్తే నాకు కడుపు మండుతుంది. ఎత్తు తగ్గితే పైన మంచినీరు నిలిచే చోటు తగ్గుతుంది. తుఫానుకి ఉప్పెన వస్తే ఊరికి అడ్డుండే మెరకా పోతుంది. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమకి మెరక విలువ వేరే చెప్పక్కర్లేదు.

పోయిన దిబ్బను నది మళ్ళీ కట్టిస్తుందని ఆశపడే వీలు కూడా ఇప్పుడు తక్కువ. పోలవరం దగ్గర గోదావరి 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసేది. 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. మిగతాదాంట్లో చాలావరకు ఎగువ జలాశయాల్లో ఆగిపోతోంది. ఇసుక రాక తగ్గినా అలలు ఆగవు. డెల్టా తీరంలో చాలాచోట్ల సముద్రం ముందుకొస్తోంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్ళేవాళ్ళు బీచ్ దగ్గర ఫొటో తీసుకుని తిరిగి రాకుండా, లోపలి దిబ్బ దారుల్లో ఒక పూట నడిస్తే బాగుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ. ఆ ఊళ్ళవాళ్ళని అడిగితే ఏ బావి తియ్యన, ఏది ఉప్పన, ఏది ఈమధ్యే మారిందీ చెబుతారు.