ఎల్ సాల్వడోర్: ఆ మూడు రోజుల ముందు ఏం జరిగింది?

మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడోర్‌లో, గ్యాంగుల్ని అణచడానికంటూ పెట్టిన ఎమర్జెన్సీ పొడిగింపుల మీద మళ్లీ గొడవ. అంతర్యుద్ధం నుంచి అమెరికాకు పారిపోయిన జనం, వాళ్ల పిల్లలతో లాస్ ఏంజిలిస్ వీధుల్లో పుట్టిన గ్యాంగులు, ఆ కుర్రాళ్లను అమెరికా తిప్పి పంపడం, ఈ కథ చాలాసార్లు విన్నదే. ఇప్పటి పరిస్థితికి మూలం మాత్రం 2022 మార్చి 25, 26, 27 తేదీల్లో ఉంది.

ఆ మూడు రోజుల్లో గ్యాంగులు 87 మందిని చంపేశాయి. శనివారం ఒక్కరోజే 62 మంది. వీళ్లలో చాలామందికి ఏ గ్యాంగుతోనూ సంబంధం లేదు. ఆదివారం తెల్లవారేసరికి పార్లమెంటు ఎమర్జెన్సీకి ఓటేసింది. అరెస్టుకు కారణం చెప్పక్కర్లేదు. కోర్టుకు తీసుకెళ్లకుండా 72 గంటలు కాదు, 15 రోజులు ఉంచుకోవచ్చు.

అప్పటిదాకా తగ్గుతూ వచ్చిన హత్యలు ఒక్కసారిగా ఎందుకు పెరిగాయి? హత్యలు తగ్గించమని గ్యాంగులతో అధ్యక్షుడు నయీబ్ బుకేలే ప్రభుత్వం లోపాయికారీగా మాట్లాడుతోందని 'ఎల్ ఫారో' పత్రిక 2020లోనే రాసింది. 2021 డిసెంబరులో అమెరికా ఆర్థిక శాఖ అదే ఆరోపణతో ఇద్దరు అధికారులపై ఆంక్షలు పెట్టింది. వాళ్లలో ఒకరైన కార్లోస్ మరోకిన్ మాటలంటూ 2022 మేలో ఎల్ ఫారో ఆడియోలు బయటపెట్టింది. ఒప్పందం చెడిందని గ్యాంగు మనిషితో వాపోవడం అందులో ఉంది. తమకు అప్పగించమని అమెరికా అప్పట్లో అడుగుతున్న ఎమ్మెస్-13 అనే పెద్ద గ్యాంగు నాయకుడొకణ్ని తానే దగ్గరుండి గ్వాటెమాలాకు దాటించానన్న మాటా ఉంది. ప్రభుత్వం బేరసారాలేవీ లేవంటుంది.

2025 మార్చిలో అమెరికా తమ దేశం నుంచి పంపేసిన వెనెజ్వేలా వాళ్లను ఎల్ సాల్వడోర్ జైలుకు మోసుకొచ్చిన విమానాలు అందరికీ గుర్తే. వాటిలోనే ఇంకో ఎమ్మెస్-13 నాయకుడూ వచ్చాడు. న్యూయార్క్‌లో అతని మీదున్న కేసును అమెరికా ప్రాసిక్యూటర్లే ఎత్తేయించారు. అక్కడ విచారణ జరిగితే ఈ బేరాల సంగతి కోర్టు రికార్డుల్లోకి ఎక్కేదేమో.

ప్రభుత్వ లెక్క ప్రకారం 2024లో దేశం మొత్తమ్మీద 114 హత్యలే. 2015లో ఆరు వేలు దాటాయి. బస్తీల్లో గ్యాంగులకు మామూళ్లు కట్టే బాధ తప్పింది. ఎల్ టుంకో బీచ్‌కి సర్ఫింగ్ టూరిస్టులు వస్తున్నారు, 2023 మిస్ యూనివర్స్ పోటీలు శాన్ సాల్వడోర్‌లో జరిగాయి. 2024లో బుకేలేకి దాదాపు 85 శాతం ఓట్లు పడటంలో వింతేం లేదు, వరసగా రెండోసారి పోటీ చేయకూడదని రాజ్యాంగంలో ఉన్నా సరే.

అరవై లక్షల పైచిలుకు జనాభాలో ఈ ఎమర్జెన్సీ కింద 85 వేలమందికి పైగా అరెస్టయ్యారు. వేలమందిని తర్వాత ప్రభుత్వమే వదిలిపెట్టింది. మరి వాళ్లనసలు ఎందుకు పట్టుకున్నట్టు? మరియోనా జైలు బయట తల్లులు లోపలివాళ్ల కోసం సబ్బులు, తిండి, తెల్లబట్టల పొట్లాలు పట్టుకుని క్యూ కట్టారు. మనిషి బతికున్నాడో లేడో కూడా చాలా ఇళ్లకు తెలియలేదు. జైళ్లలో వందలమంది చనిపోయారని హక్కుల సంఘాలు చెబుతున్నాయి. ఆ సంఘాల్లో ముఖ్యమైన క్రిస్టోసాల్ 2025 జులైలో దేశం వదిలి వెళ్లిపోయింది. నెలాఖరుకల్లా, అధ్యక్షుడు ఎన్నిసార్లైనా పోటీ చేయొచ్చని పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించింది.

రాజ్యాంగం ప్రకారం ఎమర్జెన్సీ గడువు 30 రోజులు. అవే పరిస్థితులు కొనసాగితేనే పొడిగించాలి. హత్యలు చరిత్రలో ఎన్నడూ లేనంత తగ్గాయని చెప్పే ప్రభుత్వమే, పరిస్థితులు మారలేదంటూ నెలనెలా పొడిగిస్తూ వచ్చింది.