సింధియా నుంచి ఉక్కునగరం దాకా: విశాఖలో పెట్టుబడి, ప్రభుత్వం

విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌లో తన వాటాను నూటికి నూరు శాతం వదులుకోవడానికి కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ నాటి నుంచి ఈ నగరంలో పెట్టుబడిదారీ విధానం మంచిచెడ్డల మీద వాదం ఆగలేదు. ప్రైవేటు యజమాని వస్తే తప్ప నష్టాలు ఆగవని ఒక పక్షం అంటుంటే, ప్రజల ఆస్తిని లాభాపేక్షకు ధారపోస్తున్నారని కూర్మన్నపాలెంలోని కార్మికుల దీక్షా శిబిరం నుంచి రెండో పక్షం అంటూ వచ్చింది. దేశంలో ప్రయోగించి చూసిన ఆర్థిక పద్ధతులు దాదాపు అన్నీ ఈ తీరంలోనే పక్కపక్కన నడిచాయి కనుక, ఆ చరిత్రను ఒకసారి తిరగేస్తే రెండు పక్షాలకూ కొంత ఇబ్బంది తప్పదు.

మల్కాపురం దారిలో సింధియా అనే స్టాపు ఇప్పటికీ ఉంది. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ తదితరులు 1919లో స్థాపించిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పేరు అది. బ్రిటిష్ నౌకా సంస్థలు సరకు రవాణా రేట్లు అడ్డంగా తగ్గించి ఈ కంపెనీని ఊపిరాడకుండా చేశాయి. చివరకు 1923లో బ్రిటిష్ నౌకా వ్యాపారి లార్డ్ ఇంచ్‌కేప్‌తో కుదిరిన ఒప్పందం దాని ఓడల పరిమాణానికీ, తిరిగే మార్గాలకూ హద్దులు గీసింది. వలస పాలనలో నడిచింది స్వేచ్ఛా విపణి అనుకునేవారు ఈ ఒప్పందాన్ని గుర్తుంచుకోవాలి. ఓడల నిర్మాణానికి వాల్‌చంద్ ముందు కలకత్తాను కోరుకున్నారు. అక్కడ స్థలం దొరకక విశాఖకు వచ్చారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేయడంతో పని కుంటుపడింది. 1948 మార్చి 14న ఎనిమిది వేల టన్నుల 'జల ఉష'ను నెహ్రూ నీటిలోకి దింపారు.

అంత పట్టుదలతో కట్టిన ఓడల కార్ఖానాను ఆ కంపెనీ నాలుగేళ్లకే వదులుకోవలసి వచ్చింది. ఇంగ్లండులో కట్టే ఓడ కంటే ఇక్కడ కట్టే ఓడకు ఖర్చు ఎక్కువయ్యేది. ఉక్కు పలకల నుంచి ఇంజన్ల దాకా బయటి నుంచి రావాలి, పనివారికి పని నేర్పాలి, ఆర్డర్లు నిలకడగా ఉండవు. ఆ తేడాను ప్రభుత్వం భరిస్తే తప్ప కొనేవాడు లేడు. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు ఏర్పడి ప్రభుత్వం ప్రధాన వాటాదారు అయింది, 1961 నాటికి సంస్థ పూర్తిగా దాని చేతికి వచ్చింది. ఇక్కడ ప్రైవేటు పెట్టుబడిని ప్రభుత్వం తరిమివేయలేదు. దీర్ఘకాలం నష్టం భరించే శక్తి ఆ పెట్టుబడికి లేకపోయింది. ఆ తరవాత ప్రభుత్వ యాజమాన్యంలోనూ షిప్‌యార్డు దశాబ్దాల పాటు నష్టాల్లోనే ఈదింది, 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్లింది. అంటే యజమాని మారినంత మాత్రాన ఖర్చుల లెక్క మారలేదు.

భారీ పరిశ్రమల నష్టాలు ప్రభుత్వమే భరించగలదన్నది ఆ రోజుల్లో పారిశ్రామికవేత్తల ఆలోచన కూడా. జె.ఆర్.డి. టాటా, ఘనశ్యామ్ దాస్ బిర్లా తదితరులు 1944లో ప్రకటించిన బొంబాయి ప్రణాళిక, భారీ పరిశ్రమలకు ప్రభుత్వ పెట్టుబడీ అజమాయిషీ కావాలని తానే అడిగింది. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం దానికి మరింత గట్టి రూపం ఇచ్చి, 17 రంగాలను ప్రభుత్వానికి ప్రత్యేకించింది. విశాఖలో మాత్రం ఆ గీత అంత స్పష్టంగా కనిపించదు. 1957లో కాల్టెక్స్ అనే అమెరికన్ కంపెనీ చమురు శుద్ధి మొదలుపెట్టింది (ఇప్పటి హెచ్‌పీసీఎల్ రిఫైనరీ అదే; 1970ల జాతీయీకరణలో చేతులు మారింది). 1960లలో అమెరికన్ భాగస్వామ్యంతో కోరమాండల్ ఎరువుల కర్మాగారమూ, చెకోస్లోవేకియా సాంకేతిక సాయంతో ప్రభుత్వ రంగ భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ కర్మాగారమూ కొద్ది కాలం తేడాతో లేచాయి.

పెట్టుబడికీ ప్రభుత్వానికీ నడుమ మూడో దారి కూడా ఉమ్మడి విశాఖ జిల్లాకు కొత్తది కాదు. ఏటికొప్పాక, తుమ్మపాలల్లో చెరకు రైతులు 1930లలోనే సహకార చక్కెర మిల్లులు పెట్టుకున్నారు. రైతే యజమాని కావడం దాని బలం. కానీ చెరకు ధర, చక్కెర ధర రెండూ ప్రభుత్వ నిర్ణయాలకు కట్టుబడి ఉండటం, పాలకవర్గాల్లో రాజకీయం జొరబడటం, పాత యంత్రాలు మార్చేందుకు మూలధనం దొరకకపోవడం ఆ మిల్లులను పీల్చేశాయి. 1959లో కాంగ్రెస్ నాగపూర్ తీర్మానం సహకార సేద్యాన్ని లక్ష్యంగా ప్రకటించినప్పుడు, రైతు తన భూమికి తానే యజమానిగా ఉండాలని ఎదురుతిరిగి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైన ఆచార్య ఎన్.జి. రంగా తెలుగువారే. రాజాజీ పర్మిట్-లైసెన్సు రాజ్యం మీద చేసిన విమర్శ ఎక్కువ ప్రచారం పొందింది గానీ, రంగా వాదం మన పల్లెలకు మరింత దగ్గరిది.

ఇక ఉక్కు. విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టవచ్చని 1965లో సిఫారసు చేసింది బ్రిటిష్-అమెరికన్ కంపెనీల బృందం. కేంద్రం వెనుకాడటంతో 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' నినాదం రాష్ట్రమంతా మార్మోగింది, టి. అమృతరావు నిరాహార దీక్ష చేశారు, తెన్నేటి విశ్వనాథం ఉద్యమానికి ముందు నిలిచారు, పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు కోల్పోయారని చెబుతారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1979లో, నిగమ్ ఏర్పడింది 1982లో. భూములిచ్చిన 64 గ్రామాల కుటుంబాలకు నిర్వాసితులుగా గుర్తించే ఆర్-కార్డులు దక్కాయి, వాటిలో కొన్నింటికి ఉద్యోగం రానే లేదు. మార్కెట్లో అమ్మకానికి పెట్టిన భూమి కాదు గనుక, దాని అసలు ఖరీదు కర్మాగారం లెక్కల్లోకి ఎన్నడూ ఎక్కలేదు.

ఇంతకంటే విచిత్రమైన సంగతి ఒకటుంది. 1991 జులైలో లైసెన్సుల విధానాన్ని చాలా వరకు ఎత్తివేసిన పి.వి. నరసింహారావే, 1992 ఆగస్టు 1న ఈ ప్రభుత్వ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. 1964 నుంచి ఉక్కు ధరలను జాయింట్ ప్లాంట్ కమిటీ నిర్ణయించేది, రవాణా ఖర్చు సమం చేసే పద్ధతి వల్ల దేశమంతటా ఒకే రేటు ఉండేది. ఆ రెండూ 1992 జనవరిలో తొలగిపోయాయి. ప్రణాళిక నీడలో రూపొంది, అంచనాకు రెండింతలు దాటిన వ్యయంతో పూర్తయి, తలకు మించిన అప్పుతో మొదలైన కర్మాగారం పుట్టీ పుట్టగానే పోటీ మార్కెట్లో నిలబడవలసి వచ్చింది. సాంకేతికత ఇచ్చిన సోవియట్ యూనియన్ అప్పటికే లేదు. 1990లలో రెండుసార్లు మూలధన వ్యవస్థను సవరించాక, ఉక్కు గిరాకీ పెరిగిన 2000ల తొలినాళ్లలో అది లాభాల బాట పట్టింది, 2010లో ప్రభుత్వ సంస్థలకు నిర్ణయాల్లో ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చే నవరత్న హోదా కూడా వచ్చింది.

దాని బలహీనత ఇనుప ఖనిజంలో ఉంది. టాటా స్టీల్‌కూ, ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్‌కూ సొంత గనులున్నాయి. విశాఖకు లేవు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీద ఈ ఊరికే వస్తున్నా, దాన్ని మార్కెట్ ధర ఇచ్చి ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర కొనాలి. ఖనిజం ధర పెరిగినప్పుడు సొంత గనులున్నవారికి లాభం మిగులుతుంది, ఇక్కడ ఖర్చు పెరుగుతుంది. విస్తరణ కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ దానికి తోడైంది. ప్రైవేటు వారైతే నడిపేవారా అని అడిగేవారు, గనులు లేని ప్రైవేటు యజమాని ఏం చేసేవాడని కూడా అడగాలి.

నా ఉద్దేశంలో పెట్టుబడిదారీ విధానానికి ఉన్న అసలు సుగుణం ప్రైవేటు యాజమాన్యం ఒక్కటే కాదు: తప్పు లెక్క వేసినవాడికి నష్టం తగలడం, కొత్తవాడికి చోటు దొరకడం. గంగవరంలో 2009లో లోతైన ప్రైవేటు రేవు వచ్చాక, 1933 నుంచి పనిచేస్తున్న పాత విశాఖ రేవు కూడా లోతు పెంచుకోక తప్పలేదు. పోటీ చేసిన మేలు అది. కానీ 2021లో రాష్ట్ర ప్రభుత్వపు 10.4 శాతం వాటాతో సహా ఆ ప్రైవేటు రేవు, అప్పటికే తూర్పు తీరంలో కృష్ణపట్నం వంటి రేవులున్న అదానీ గ్రూపు చేతికి చేరింది. పోటీ పలచబడిన కొద్దీ ఆ సుగుణమూ పలచబడుతుంది.

నష్టం ఎవరికి తగులుతుందన్న ప్రశ్నకు మరో రెండు ఉదాహరణలు ఉన్నాయి. 2002లో హిందుస్థాన్ జింక్‌ను ప్రైవేటుకు అమ్మారు. ఖనిజం నుంచి లోహాన్ని తీసే దాని విశాఖ స్మెల్టర్ సుమారు పదేళ్లకు ఆగిపోయింది. ముడి ఖనిజం రాజస్థాన్‌లో ఉండగా ఇక్కడ నడపడం యజమాని లెక్కలో తెలివితక్కువ పనే, కార్మికుడి లెక్క వేరు. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది మరణించినప్పుడు, వారి కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ముందుగా ప్రకటించింది రాష్ట్ర ప్రభుత్వం. కంపెనీని 50 కోట్లు జమ చేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది.

ఉక్కు కర్మాగారం అమ్మకం ముందుకు సాగలేదు. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించింది. అందులో 10,300 కోట్లు కొత్త ఈక్విటీ (వాటా పెట్టుబడి), 1,140 కోట్లు పాత రుణాన్ని ప్రిఫరెన్స్ వాటాలుగా మార్చడం. అది అప్పుల భారాన్ని తగ్గించడానికి ఉద్దేశించినది. సొంత గనుల కేటాయింపు అందులో భాగం కాదు, కనుక ఖనిజం ధర పెరిగిన ప్రతిసారీ ఈ కర్మాగారం లెక్క మళ్లీ మొదటికొచ్చే అవకాశం అలాగే ఉంది.