టీకా వేశాక ఆ అరగంట

హైదరాబాద్‌లో ఏ బస్తీ ఆరోగ్య కేంద్రానికైనా టీకాల రోజు పొద్దున వెళ్ళి చూడండి. తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని బాలింతలు వరుసగా కూర్చుని ఉంటారు. బిడ్డ బరువు తూస్తారు, టీకా వేస్తారు, కార్డులో రాస్తారు. "పాలు బాగా తాగుతున్నాడా?" అని అడుగుతారు. "నీకు నిద్ర పడుతోందా? మనసెలా ఉందమ్మా?" అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. నన్ను బాధపెట్టేది ఇదే.

కాన్పయిన రెండు మూడు రోజులకు చాలామంది తల్లులకు ఊరికే ఏడుపొస్తుంది, చిరాకేస్తుంది. అది జబ్బు కాదు, రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. అలా పోకుండా దిగులు రోజంతా పట్టుకునే ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టదు. ఏది వండిపెట్టినా తినబుద్ధి కాదు. బిడ్డను ఎత్తుకున్నా ఏమీ అనిపించదు, ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పబోతే "పచ్చి బాలింతవు, కంట నీళ్ళు పెట్టకూడదు" అంటారు. కొందరికి ఇది కడుపుతో ఉన్నప్పుడే మొదలవుతుంది. శ్రీమంతం ఫొటోల్లో నవ్వుతూ కనిపించిన అమ్మాయి ఆ రాత్రి నిద్రపోయిందో లేదో మనకు తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మనలాంటి దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం మందికి మానసిక సమస్యలున్నాయి. వాటిలో ముఖ్యమైనది డిప్రెషనే.

గర్భంలో మావి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను విపరీతంగా తయారుచేస్తుంది. కాన్పులో మావి బయటికి రాగానే కొద్ది రోజుల్లోనే అవి ఒక్కసారిగా పడిపోతాయి. ప్రొజెస్టిరాన్ నుంచి మెదడును శాంతపరిచే ఒక పదార్థం పుడుతుంది, అదీ తగ్గిపోతుంది. ఈ మార్పు తల్లులందరిలోనూ జరిగేదే, కొందరి మెదడు మాత్రం దాన్ని తట్టుకోలేదు. దానికి నిద్రలేమి, రక్తహీనత, థైరాయిడ్, అప్పులు, భర్త కొట్టడం తోడవుతాయి. "మళ్ళీ ఆడపిల్లేనా?" అన్న మాట కూడా అంతే. ఆడపిల్ల పుట్టడమూ ఈ డిప్రెషన్‌కు ఒక కారణమని మన దేశంలో జరిగిన పరిశోధనల్లోనే తేలింది. ఆ తప్పు హార్మోన్లది కాదు, మనది.

వెయ్యి మంది బాలింతల్లో ఒకరిద్దరికి ఇంకా తీవ్రమైన జబ్బు వస్తుంది. లేని గొంతులు వినిపిస్తాయి, అర్థంలేని అనుమానాలు పుడతాయి. గాలి సోకిందని తాయెత్తులు కట్టించి రోజులు పోగొట్టకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరును మన ఊళ్ళో తిట్టుగా వాడీ వాడీ, అక్కడికి వెళ్ళాల్సినవాళ్ళే సిగ్గుపడేలా చేశాం.

మామూలు డిప్రెషన్ కౌన్సెలింగ్‌తోనే చాలామందికి తగ్గుతుంది. అవసరమైతే మందులిస్తారు. పాలిచ్చే తల్లికి మందులేమిటని అత్తలు, అమ్మలు కంగారుపడతారు. సెర్ట్రాలిన్ లాంటివి పాలలోకి చేరేది చాలా తక్కువ, డాక్టర్లు అన్నీ చూసే రాస్తారు. ఇంట్లోంచే మాట్లాడాలంటే 14416కు ఫోన్ చేయొచ్చు. ఇది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, డబ్బులక్కర్లేదు.

ఈ డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987 నుంచీ ఎడిన్‌బరో ప్రశ్నావళి వాడుతున్నారు. పది ప్రశ్నలు, అన్నీ గడిచిన 7 రోజుల గురించే. చివరిది, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. జవాబులను బట్టి డాక్టరుకు చూపించాలో లేదో తెలుస్తుంది. ఐదు నిమిషాల పని, ఆశా కార్యకర్తకు నేర్పిస్తే తెలుగులోనో ఉర్దూలోనో అడగగలదు. 6, 10, 14 వారాలకు తల్లి బిడ్డ కోసం ఎలాగూ వస్తుంది. టీకా వేశాక అరగంట కూర్చోమంటారు కదా, అప్పుడే పక్కన కూర్చుని అడగొచ్చు.