బడి భాష ఎవరింటి భాష?

ఇంగ్లీష్ మీడియం గొడవ వచ్చినప్పుడల్లా మనం రెండు పార్టీలైపోతాం, ఒకళ్ళు అమ్మభాష అంటారు, ఇంకొకళ్ళు ముందు మీ పిల్లలు ఏ బళ్ళో చదువుతున్నారో చెప్పండి అంటారు (దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్ళని నేనైతే పెద్దగా చూళ్ళేదు). కానీ ఈ తగువు తెలుగుకీ ఇంగ్లీషుకీ మధ్య మొదలైంది కాదు, తెలుగుకీ తెలుగుకీ మధ్య మొదలైంది, అదీ నూరేళ్ళ పైమాట.

మద్రాసు యూనివర్సిటీ 1857లో పుట్టింది, చిన్నయ సూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. పరీక్షలంటూ మొదలయ్యాక తప్పేదో ఒప్పేదో తేల్చడానికి ఒక కొలత కావాలి కదా, కావ్యాల భాషకి రాసిన ఆ వ్యాకరణమే బళ్ళో వచనానికి కూడా కొలతై కూర్చుంది. అంటే ఇంట్లో "వాడు వస్తున్నాడు" అనే పిల్లాడు పరీక్షలో "వాఁడు వచ్చుచున్నాఁడు" అని రాయాలి. ఆ అరసున్నలు జనం నోట్లోంచి ఎప్పుడో పోయాయి, ర కీ ఱ కీ తేడా చెవికి తెలియడం కూడా ఎప్పుడో ఆగిపోయింది, అయినా గుఱ్ఱంలో ఏ ర రాయాలో బట్టీ పట్టాలి. పద్యాలు చదివే ఇంట్లో పుట్టినవాడు ఎలాగో గట్టెక్కుతాడు, ఇంట్లో మొదటిసారి పలక పట్టినవాడి సంగతేంటి? వాడికది ఇంకో పరాయి భాషే.

దీన్ని మొదట గట్టిగా నిలదీసింది తెలుగోడు కాదు, యేట్స్ అని ఒక తెల్ల ఇన్‌స్పెక్టరు. ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే కోస్తాలో, బళ్ళు చూడ్డానికొచ్చి, మీ పుస్తకంలో తెలుగు ఒకటి, మీరు మాట్లాడే తెలుగు ఇంకొకటి, ఏంటిది అని అడిగాడు. ఆయనతో కలిసింది గిడుగు రామమూర్తి, గురజాడ, విశాఖ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు. గురజాడకైతే ఇది భాష ఒక్కదాని గొడవ కాదు. విశాఖ జిల్లా బ్రాహ్మణ ఇళ్ళల్లో కన్యాశుల్కం పెళ్ళిళ్ళు మూడేళ్ళలో 1034 లెక్క తేలాయని, అయిదేళ్ళూ అంతకన్నా చిన్న పిల్లలు కూడా అందులో ఉన్నారని తన నాటకం ముందుమాటలో రాసుకున్నాడు. ఆ మాట జనానికి ఎక్కాలంటే జనం మాటలోనే చెప్పాలి, గ్రాంథికంలో చెబితే వినేదెవరు.

1912 ప్రాంతంలో స్కూల్ ఫైనల్లో వాడుక తెలుగులో కూడా వ్యాసం రాయొచ్చన్నారు, అంతే, నిప్పు రాజుకుంది. జయంతి రామయ్య పంతులు లాంటి పెద్దలు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు, అంతా భాష చెడిపోతుందని లేచారు. కమిటీ వేశారు, కమిటీలో గురజాడ ఒప్పుకోక 1914లో పెద్ద అసమ్మతి పత్రం రాసిచ్చాడు, అయినా 1915కల్లా ప్రభుత్వం వెనక్కి తగ్గింది, ఆయన కూడా ఆ ఏడాదే పోయాడు. కందుకూరి మాత్రం ఎక్కువగా గ్రాంథికంలోనే రాసి చివర్లో ఇటు తిరిగాడు, 1919లో వాడుకభాష సమాజానికి అధ్యక్షుడయ్యాడు.

పత్రికలూ కథలూ ఆ తర్వాత మెల్లగా వాడుకకి మారాయి, సరే. కానీ ఎవరి వాడుక? కోస్తా చదువుకున్నోళ్ళది. నిజాం రాజ్యంలో 1918లో పెట్టిన ఉస్మానియాలో చదువు ఉర్దూలో, అక్కడ తెలుగు బతికించుకోవడమే ఒక పోరాటం. తెలంగాణలో కవులే లేరన్న మాటకి సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల్ని పోగేసి చూపించాల్సొచ్చింది. 1956లో రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రమయ్యాక తెలంగాణ పిల్లాడు "వచ్చిండు" అంటే తప్పు, "వచ్చాడు" అంటే ఒప్పు. అరసున్న పోయింది గానీ తప్పుల పట్టీ పోలేదు. సినిమాల్లోనూ ఆ యాస చాలాకాలం విలన్లకీ కమెడియన్లకే మిగిలింది.

ఇది తెలిస్తే 2019 సంగతి అంత వింతగా అనిపించదు. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బళ్ళన్నీ ఇంగ్లీష్ మీడియం అని జీవో ఇచ్చారు, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది, తర్వాత తల్లిదండ్రులకి ఫారాలిచ్చి అడిగితే నూటికి 96 మందికి పైగా ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఎలాగూ బడి భాష మన ఇంటి భాష కానప్పుడు ఉద్యోగం వచ్చే భాషే నేర్చుకుందాం అని తరాల తరబడి దెబ్బతిన్నవాళ్ళు అనుకుంటే నేనైతే తప్పు పట్టలేను.

ఇంకో సంగతి. గిడుగు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినం చేసుకుంటాం గానీ, ఆయన తెలుగు గొడవలోకి దిగకముందే పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్ళు నడిపాడు. ఆ పిల్లలకి తెలుగు మీడియం కూడా పరాయి మీడియమే మరి. 2020 ఫారంలో గడులు మూడు: తెలుగు తప్పనిసరి సబ్జెక్టుగా ఇంగ్లీష్ మీడియం, తెలుగు మీడియం, ఇతర భాషల మీడియం. సవర పిల్లాడి అమ్మ మాట ఎక్కడైనా పట్టిందంటే ఆ మూడో గడిలోనే, దానికి పడ్డ టిక్కులు నూటికి ఒక్కటి కూడా లేవు.