మాగాణి మట్టీ, బ్యాటరీ ముద్దా

అమలాపురం వైపు నుండి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. పాత టెంపో ట్రావెలర్‌లో సీట్లు తీయించి, మంచం, చిన్న ఫ్రిజ్, ఫ్యాను అమర్చుకొని ఇంటిల్లిపాదితో దేశం తిరిగి రావాలని ఆయన కోరిక. ఇవన్నీ ఇంజన్ బ్యాటరీ మీదనే నడిపితే మూడు నెలలకే అది చచ్చిపోయిందనీ, ఈసారి లారీ బ్యాటరీ వేయించమని మెకానిక్ అంటున్నాడనీ, వేయించవచ్చా అనీ అడిగారు. వేయించకూడదు. ఎందుకు కూడదో చెప్పాలంటే బ్యాటరీ లోపలి ముద్ద ఉబ్బడం, కుంచించుకుపోవడం గురించి మాట్లాడుకోవాలి. వోల్టు అంటే ఏమిటి, ఆంపియర్ అంటే ఏమిటి అన్న పాఠాన్ని దాటవేస్తున్నాను.

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారు చేసిన సీసపు బ్యాటరీ మూలసూత్రం నేటికీ మారలేదు. ధన పలక మీద లెడ్ డయాక్సైడ్, ఋణ పలక మీద గుల్లబారిన సీసం, రెండింటి మధ్య నీరు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. పలకల మీది ఈ పదార్థమే నేను చెప్పిన ముద్ద. విద్యుత్తు వాడుకుంటున్న కొద్దీ రెండు పలకల మీది పదార్థమూ లెడ్ సల్ఫేటుగా మారుతుంది. ఛార్జి చేస్తే మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. ఇంటర్మీడియట్‌లో ఈ సమీకరణాన్ని తుల్యం చేయడం మనకు నేర్పారు గాని, ఎడమవైపు పదార్థానికీ కుడివైపు పదార్థానికీ ఎంతెంత చోటు కావాలో ఏ పరీక్షలోనూ అడగలేదు. ఒక మోల్ లెడ్ డయాక్సైడ్‌కు దాదాపు 25 ఘన సెంటీమీటర్ల చోటు చాలు. దాని నుండి పుట్టే లెడ్ సల్ఫేటుకు 48 కావాలి. సీసం వైపు ఈ పెరుగుదల 18 నుండి 48కి.

డెల్టాలో పుట్టినవారికి దీనిని వివరించడం సులభం. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. రోహిణి కార్తె నాటికి మాగాణి నేల నెర్రెలు విచ్చుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుండి మళ్లీ నీరు వదలగానే అదే మట్టి ఉబ్బి, తన నెర్రెలను తానే పూడ్చుకుంటుంది. పొలం ఏడాదికొకసారి పడే ఈ యాతనను బ్యాటరీ ముద్ద ఇరవై నాలుగు గంటల్లో పడుతుంది: రాత్రంతా ఫ్యాను తిరుగుతుండగా ఉబ్బుతుంది, మర్నాడు ఛార్జి ఎక్కుతుండగా కుంచించుకుంటుంది. పైగా పొలంలో విడిన పెళ్లకు కింద నేల ఉంది గనుక అది ఎక్కడికీ పోదు. పలక నిలువుగా ఉంటుంది కాబట్టి దాని నుండి ఊడిన రేణువు ఆమ్లంలోకి జారి, పెట్టె అడుగున మడ్డిగా చేరుతుంది. ఆ మడ్డి పెరిగి పలకల అంచులను తాకిన నాడు ధన, ఋణ పలకలు ఒకటై, మెకానిక్ ‘సెల్ పోయింది’ అంటాడు.

ఇంజన్ బ్యాటరీని ఈ యాతన కోసం చేయలేదు. సెల్ఫ్ కొట్టిన రెండు మూడు సెకన్లలో అది వందల ఆంపియర్లు ఇవ్వాలి. ఆమ్లం ఒక్కసారిగా తగలడానికి ఎంతో ఉపరితలం కావాలి గనుక పలకలను పలుచగా, ఎక్కువ సంఖ్యలో, గుల్లగా చేస్తారు. నీళ్లు చల్లగానే అటుకులు నానడానికీ, బియ్యం నానడానికి గంట పట్టడానికీ కారణం ఇటువంటిదే. ఆ సెకన్లలో ఖర్చయ్యేది మొత్తం నిల్వలో ఏ కొద్ది శాతమో. దానిని ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెంటనే పూడుస్తుంది. పొలం మీద మంచు కురిసి ఆరినట్లే తప్ప నెర్రెల ప్రసక్తి రాదు. లారీ బ్యాటరీ ఎంత పెద్దదైనా అదీ అటుకుల బస్తాయే.

లోతుగా దించి మళ్లీ ఎక్కించడానికే చేసిన డీప్ సైకిల్ బ్యాటరీలో పలకలు తక్కువ, మందం ఎక్కువ, ముద్ద దట్టం. మన ఇళ్లలో ఇన్వర్టరు పక్కన ఉండే ట్యూబ్యులార్ బ్యాటరీ ఆ జాతిదే. అందులో ధన పలక అంటే వరుసగా నిలబెట్టిన సీసపు ఊచలు. ఒక్కొక్క ఊచ చుట్టూ పొడి, ఆ పొడి జారకుండా పాలియెస్టర్‌తో నేసిన గొట్టం లాంటి తొడుగు. గడ్డివెంటి చుట్టిన పురిలో ధాన్యంలాగా పొడి ఉబ్బినా తగ్గినా బయటపడదు, ఆమ్లం మాత్రం నేత సందుల్లోంచి లోపలికి పోతుంది. ఇంత తెలివైన ఏర్పాటుకు చేసే సేవ మాత్రం అంతంతే. నీటి మట్టం తగ్గగానే ‘బలం కోసం’ యాసిడ్ పోయించేవారున్నారు. వ్యాను ముందు కట్టే నిమ్మకాయ ఎవరికీ హాని చేయదు గాని, ఈ నమ్మకం బ్యాటరీని చంపుతుంది. తగ్గేది నీరే కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోయాలి. సముద్రతీర గ్రామాల ఉప్పు బోరు నీరు పోస్తే అందులోని క్లోరైడు సీసాన్ని తినేస్తుంది.

ఇక పాఠకుని అవసరం. 45 వాట్ల ఫ్రిజ్ కంప్రెసరు రోజులో సగం సేపు తిరిగితే 540 వాట్-అవర్లు, 28 వాట్ల ఫ్యానుకు పది గంటలకు 280, దీపాలకూ ఫోన్లకూ 80. మొత్తం 900, అంటే 12 వోల్టుల దగ్గర 75 ఆంపియర్-అవర్లు. సీసపు బ్యాటరీని సగానికి మించి దించకుండా వాడితేనే ఆయుష్షు నిలుస్తుంది గనుక 150 ఆంపియర్-అవర్లది కావాలి. లేబుల్ మీద సీ20 అని ఉంటే, గంటకు 7.5 చొప్పున ఇరవై గంటలు తీసినప్పుడే ఆ 150 దక్కుతుందని అర్థం. కరెంటు ఎంత ఎక్కువగా లాగితే నిల్వ అంత తక్కువగా దక్కుతుందని లెక్కగట్టే సూత్రం ఒకటి 1897లో జర్మన్ శాస్త్రవేత్త పాయికర్ట్ ఇచ్చారు. అందులో ఘాతాంకం 1.25 అనుకొని, ఇండక్షన్ స్టవ్ కోసం 140 ఆంపియర్లు లాగితే, బ్యాటరీ అరగంటకే పూర్తిగా ఖాళీ అవుతుంది. దక్కేది దాదాపు 72 ఆంపియర్-అవర్లు మాత్రమే. నెర్రె పైభాగం ముందే ఉబ్బి మూసుకుంటే అడుగుకు నీరు దిగనట్లు, పైపొర సల్ఫేటై, లోపలికి ఆమ్లం చేరే దారిని ఇరుకు చేస్తుంది. వంట గ్యాసు మీద చేసుకోవడం మేలు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కథ వేరు. 1997లో అమెరికా శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్ బృందం వెలుగులోకి తెచ్చిన ఈ పదార్థంలో స్ఫటికం కరిగి మళ్లీ కట్టడం ఉండదు. లిథియం అయాన్లు దాని సందుల్లోంచి వచ్చి పోతుంటాయి, పరిమాణంలో తేడా 7 శాతం దాటదు. తీరం వెంట కొబ్బరి తోటల ఇసుక నేలలో నీరు ఇంకినా ఆరినా నెర్రె పడనట్లే ఇది. అందుకే వేల సార్లు దించి ఎక్కించినా నిలుస్తుంది, ఎనభై శాతం వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు, ఆ పాఠకునికి 100 ఆంపియర్-అవర్లది సరిపోతుంది. బరువు పన్నెండు కిలోల దరిదాపు. 150 ట్యూబ్యులార్ యాభై దాటుతుంది, పైగా కుదుపులకు ఆమ్లం చిందుతుంది, ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో 4 శాతం చేరితే మండే ఆ వాయువును మనుషులు పడుకునే వ్యానులో నేను ఉంచను.

నెలకొకసారైనా బయలుదేరేవారైతే లిథియం ఐరన్ ఫాస్ఫేటే కొనమంటాను. దానిని ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపితే విపరీతంగా కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ను వేడెక్కిస్తుంది కాబట్టి మధ్యలో ఆ కరెంటును హద్దులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి. లడఖ్ వైపు వెళితే సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయకూడదు. ఏడాదికి రెండు ప్రయాణాలే అయితే ఆమ్లాన్ని గాజునూలు పొరల్లో పీల్చి ఉంచి, సీలు వేసిన ఏజీఎం డీప్ సైకిల్ సీసపు బ్యాటరీ చాలు. అయితే ఏ సీసపు బ్యాటరీనైనా దిగిపోయిన స్థితిలో వానాకాలమంతా షెడ్డులో వదలకూడదు; పాకం కదపకుండా ఉంచితే పటికబెల్లం కట్టినట్లు సల్ఫేటు పెద్ద స్ఫటికాలై, తర్వాత ఎంత ఛార్జి చేసినా కరగదు. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది గనుక, మే నెలలో ఎండకు కాగే ఇనుప తలుపు పక్కన కాక మంచం కింద బిగించి, ధన టెర్మినల్‌కు జానెడు దూరంలోపే ఫ్యూజు వేయించమని ఆ మెకానిక్‌కు చెప్పండి.