క్రిస్మస్ రోజుల్లో పెళ్లి: నల్గొండలో నేను తరచూ వినే అపోహలు, చూసిన వాస్తవాలు

నల్గొండలో పెళ్లిళ్లకు డెకరేషన్ చేస్తాను. మిర్యాలగూడ, దేవరకొండ, అటు పాలమూరు వైపు జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దాకా వెళ్తుంటాను. దసరా దాటిందంటే క్రైస్తవ కుటుంబాల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, క్రిస్మస్ టైంలో పెళ్లి పెట్టుకుందామనుకుంటున్నం. మంచిగ కనిపించాలె, ఖర్చు మాత్రం ఎక్కువ పెట్టలేం. అయితదా?" అవుతుంది. కాకపోతే చాలామంది కొన్ని తప్పు లెక్కలు మనసులో పెట్టుకుని వస్తారు. డబ్బు పోయేది అక్కడే.

అపోహ: క్రిస్మస్ అంటే సీజన్ కదా, హాళ్లు దొరకవు, రేట్లు మండిపోతాయి.

వాస్తవం: మన దగ్గర ఫంక్షన్ హాళ్ల సీజన్‌ను నడిపేది పంచాంగం. డిసెంబర్ 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది. అక్కడి నుంచి సంక్రాంతి దాకా హిందువుల ఇళ్లలో పెళ్లి ముహూర్తాలు పెట్టుకోరు. కార్తీకంలో ఫోన్ కూడా ఎత్తే తీరిక లేని హాలు మేనేజర్, ఆ నెల రోజులు తనే మీకు ఫోన్ చేస్తాడు. హాలుతో పాటు వంట మాస్టర్లు, టెంట్ హౌస్ వాళ్లు, బ్యాండు, ఫొటోగ్రాఫర్లు కూడా ఖాళీగా ఉంటారు. బేరం ఆడాల్సింది అప్పుడే. అద్దె ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. కరెంటు బిల్లు, జనరేటర్ డీజిల్, పెళ్లయ్యాక హాలు కడిగే ఖర్చు ఆ అద్దెలో ఉన్నాయో లేదో అడిగి కాగితం మీద రాయించుకోండి.

డిసెంబర్ 24, 25, 31, జనవరి 1 మాత్రం వదిలేయండి. ఆ రోజుల్లో పాస్టరు గారికి, ఫాదర్ గారికి ఆరాధనలతోనే సరిపోతుంది. 31 రాత్రి హాళ్లకు వేరే గిరాకీ కూడా ఉంటుంది. నన్నడిగితే డిసెంబర్ 27 నుంచి జనవరి 5 లోపు తేదీ పెట్టుకోమంటాను. ఎందుకో కింద చెప్తాను.

అపోహ: చర్చి మొత్తం మనమే అలంకరించాలి. పెద్ద ఖర్చు అదే.

వాస్తవం: క్రిస్మస్ దాటిన వారంలో చర్చికి అలంకరణ ముందే అయిపోయి ఉంటుంది. గేటు దగ్గర నక్షత్రం, లోపల క్రీస్తు పుట్టిన పశువుల పాక బొమ్మ, గోడల పొడవునా తోరణాలు, సీరియల్ లైట్లు. యూత్ పిల్లలు రాత్రంతా మేలుకుని కట్టినవి అవి. కొన్ని కుటుంబాలు పెళ్లి కోసం వాటిని విప్పించి, మళ్లీ డబ్బు పెట్టి బట్టలు, ప్లాస్టిక్ పూలు కట్టిస్తాయి. నాకు పని దొరికినా సరే, ఆ విప్పేటప్పుడు మనసొప్పదు.

నేను చెప్పేది ఒక్కటే. డిసెంబర్ మొదట్లోనే సంఘ పెద్దలను కలవండి. డెకరేషన్‌కు అనుకున్న డబ్బులో సగం సంఘానికే ఇచ్చి, "క్రిస్మస్‌కు ఇంకొంచెం బాగా కట్టండి, మా పెళ్లి దాకా ఉంచండి" అని అడగండి. మిగిలిన సగంలో సగానికి తాజా పూలు వస్తాయి. చామంతి పండే రోజులు అవే. తెల్ల చామంతి, పసుపు చామంతి హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెల్లవారుజామున తెచ్చుకోవచ్చు. వైకుంఠ ఏకాదశి ఆ చుట్టుపక్కలే వస్తే మాత్రం గుళ్లకు పూలన్నీ పోయి ధర లేస్తుంది, క్యాలెండర్ చూసుకోండి.

క్రిస్మస్‌కు ముందే పెళ్లి అనుకునేవాళ్లకు ఒక మాట. చర్చిలన్నీ ఒకటే కాదు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లకు క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, అంటే క్రీస్తు రాకకు సిద్ధపడే రోజులు. బలిపీఠం దగ్గర ఊదా రంగు ఉంటుంది, పూలు కూడా మితంగానే పెట్టాలి. మీరు ఎర్రటి బట్టతో, నిండా పూలతో కట్టిస్తానంటే ఫాదర్ గారు ఒప్పుకోకపోవచ్చు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిల్లోనూ ఆగమన కాలం పాటిస్తారు. మన వైపు ఎక్కువగా ఉండే బాప్టిస్ట్, మెన్నోనైట్ బ్రదరన్ సంఘాల్లో ఆ పట్టింపు తక్కువ. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివే పద్ధతి ఉన్న చోట నవంబర్ చివరికల్లా మాట చెప్పి ఉంచాలి.

అపోహ: రాత్రి ఎనిమిదింటికి కొవ్వొత్తుల వెలుగులో చర్చిలో పెళ్లి చేసుకుంటే సినిమాలో ఉన్నట్టు ఉంటుంది.

వాస్తవం: 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి. ప్రత్యేక అనుమతి ఉన్న కొన్ని సందర్భాలకే మినహాయింపు. ఈ సంగతి తెలియక కార్డులు అచ్చు వేయించుకున్నవాళ్లను చూశాను.

ఒకసారి నేనే చిక్కుకున్నాను. కార్డులో సాయంత్రం 5 అని వేశారు. మగపెళ్లివాళ్ల బస్సు దారిలో ఆగిపోయింది. 6:20కి చర్చి ముందు దిగారు. పెళ్లికూతురు అప్పటికే గంటన్నర నుంచి పాస్టరు గారి గదిలో కూర్చుని ఉంది, ముసుగు మీద చెమట మరకలు. పాస్టరు గారు చేతి గడియారం చూసుకుంటూ ప్రసంగం వదిలేశారు, పాట ఒక్క చరణమే పాడించారు. ప్రమాణాలయ్యేసరికి 6:50. ఆ అరగంట టెన్షన్ ఫొటోల్లో అందరి మొహాల మీదా ఉంది. వెలుగు కోసం ఆలస్యంగా పెట్టమని ఆ ఇంటివాళ్లకు చెప్పింది నేను. అప్పటి నుంచి మూడున్నర దాటి పెట్టనివ్వను. డిసెంబర్‌లో మన దగ్గర 5:45 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. మూడున్నరకు మొదలైతే ఐదుకల్లా పెళ్లి అయిపోతుంది, చర్చి ముందు ఫొటోలు తీసుకుని హాలు చేరేసరికి దీపాలు వెలిగే వేళ అవుతుంది. మీరు కోరుకున్న వెలుగు అక్కడ దొరుకుతుంది.

అపోహ: గౌను లేకపోతే క్రిస్మస్ పెళ్లిలా ఉండదు.

వాస్తవం: ఒక్క రోజు కోసం కుట్టించిన గౌను తర్వాత బీరువా దాటదు. గద్వాల మన పక్కనే ఉంది. తెల్లటి లేదా మీగడ రంగు గద్వాల చీర, జరీ అంచు, తల మీద పలచటి ముసుగు. ఇంతకంటే అందమైన పెళ్లికూతురిని నేను చూడలేదు. తోడుపెళ్లికూతుళ్లకు ఎర్రటి నారాయణపేట చీరలు ఇప్పిస్తే మీకు కావాల్సిన క్రిస్మస్ రంగు అక్కడే వచ్చేస్తుంది, స్టేజీ నిండా ఎర్ర బట్ట కట్టక్కర్లేదు.

అపోహ: థీమ్ అంటే మంచు, శాంటా, పెద్ద ప్లాస్టిక్ చెట్టు ఉండాలి.

వాస్తవం: అలంకరణకు థర్మాకోల్ వాడటం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. అయినా థర్మాకోల్ మంచు దిబ్బలు కావాలని ఇప్పటికీ అడుగుతున్నారు. డబ్బాల్లో వచ్చే మంచు స్ప్రేల్లో చాలావాటిలో ఉండేది మండే గ్యాస్. పక్కన కొవ్వొత్తులు, పిల్లల పట్టు పావడాలు. నేను పెట్టను, ఎవరినీ పెట్టనివ్వను.

ఒక్క వస్తువు ఎంచుకోండి. నేనైతే నక్షత్రం ఎంచుకుంటాను. మన పల్లెల్లో క్రిస్మస్ అంటే ఇంటి మీద కర్రకు కట్టిన నక్షత్రమే కదా. దుకాణంలో కొనేకన్నా మేదరి వాళ్ల దగ్గర వెదురు బద్దలు చీల్పించి కట్టించుకుంటే చవక, చూడ్డానికీ బాగుంటుంది. మూడడుగుల బద్దలు పది కావాలి. ఐదింటితో ఒక నక్షత్రం, ఇంకో ఐదింటితో మరొకటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ సుతిలితో బిగించి కడతారు. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా రెండు నక్షత్రాల మధ్య అరడుగు పుల్లలు నిలబెడతారు. అంతదాకా చదునుగా పడి ఉన్నది ఒక్కసారి పొట్ట ఉబ్బించి లేచి నిలబడుతుంది. దాని మీద గాలిపటాల కాగితం, మైదా ఉడికించిన జిగురు. సంక్రాంతి దగ్గర పడుతుంది కాబట్టి ఆ కాగితం ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. బల్బు పెట్టడానికి వెనక ఒక మూల అతికించకుండా వదలాలి.

రంగులు ఎక్కువ చేయొద్దు. ఇరవై నక్షత్రాలు కడితే పదహారు తెల్లవి, నాలుగు ఎర్రవి చాలు. వేర్వేరు ఎత్తుల్లో వేలాడదీయాలి, వరసగా కడితే కొట్టు ముందు సరుకులా ఉంటాయి. లోపల 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, పసుపు వెలుగుది. ఇరవైకీ కలిపి 180 వాట్లే. పాతకాలపు 60 వాట్ల బల్బులైతే 1200 వాట్లు అవుతాయి, పైగా ఆ వేడికి కాగితం మాడుతుంది. ఆరుబయట కడితే రాత్రి మంచుకు కాగితం తడిసి జారిపోతుంది, అందుకే షామియానా కిందే కట్టించండి, అదీ పెళ్లి రోజు మధ్యాహ్నమే.

స్టేజీకి రెండు పక్కలా పాయిన్‌సెట్టియా (క్రిస్మస్ రోజుల్లో ఎర్రబడే మొక్క) కుండీలు పెడితే ఇంకేం అక్కర్లేదు. నర్సరీలో అద్దెకు కూడా ఇస్తారేమో అడగండి. వాటిలో ఎర్రగా కనిపించేవి పూలు కాదు, ఆకులు. పొడవాటి చీకటి రాత్రులుంటేనే ఎరుపెక్కుతాయి. ముందే కొని వీధి దీపం కింద పెట్టారంటే పచ్చగానే ఉండిపోతాయి.

అపోహ: చవకగా చేయాలంటే పిలుపులు తగ్గించాలి.

వాస్తవం: మన ఊళ్లలో పిలుపులు తగ్గించడం అయ్యే పని కాదు, మాటలు జీవితాంతం మిగిలిపోతాయి. తగ్గించాల్సింది రకాలను. బగారా అన్నం, మటన్, ఒక కూర, పెరుగు పచ్చడి, ఒక స్వీటు. వేడిగా వడ్డించండి. డిసెంబర్ రాత్రి ఆరుబయట పెట్టిన కూర పది నిమిషాల్లో పేరుకుపోతుంది, కాబట్టి స్టేజీకి పెట్టే డబ్బులో కొంత తీసి వడ్డించే మనుషులను పెంచండి. మూడంతస్తుల క్రీమ్ కేకు బదులు ప్లమ్ కేకు చేయించుకోండి. వారం ముందే చేసి పెట్టుకున్నా పాడవదు, ఇంకా రుచి వస్తుంది. దాని పక్కన మన ఇళ్లలో క్రిస్మస్‌కు చేసే గులాబీ పువ్వుల పిండివంట పెట్టండి.

ఒకటి చాలామంది మర్చిపోతారు. ఆ రోజుల్లో మీ దోస్తుల్లో, ఇంటి పక్కవాళ్లలో అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు ఉంటారు. మాంసం వండిన చోట వాళ్లు తినరు. పెళ్లికి వచ్చి, అక్షింతలు వేసి, ఆకలితో వెళ్లిపోతారు. హాలు గేటు దగ్గర విడిగా ఒక బల్ల వేసి, కొత్త బట్ట పరిచి, పండ్లు, కొబ్బరి బోండాలు పెట్టండి. అక్కడ నిలబడటానికి ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని ఉంచండి, పిల్లలకు అప్పగించొద్దు.